వదులుగా వేలాడే పగ్గం

బోసాల్ అందం ముందు అరచేతికి తెలుస్తుంది, తరవాతే కంటికి. ఊనని పచ్చితోలును సన్నని పేటలుగా కోసి, గుండ్రంగా, బిగువుగా అల్లిన గుర్రపు ముక్కుపట్టీ అది. దాన్ని నీటిబొట్టు ఆకారంలో వంచి, రెండు కొసలనూ కిందికి తెచ్చి ఒక బరువైన ముడిలో కలిపేస్తారు. గుర్రం ముక్కుదూలం మీద ఆనే చోట అల్లిక మీద మరో అల్లిక వేసి కాస్త లావు చేస్తారు. చెవుల వెనకనుంచి దిగే సన్నటి తోలువారు ఒకటి దీన్ని మొహం మీద నిలబెడుతుంది. అంతే. నోట్లో ఇనుము లేదు, దవడ కింద గొలుసు లేదు. గుర్రం అడుగు వేసినప్పుడల్లా గడ్డం కింద ఆ ముడి కొద్దిగా ఊగుతుంది. ఈ వస్తువు ప్రాణమంతా ఆ ఊపులో ఉంది.

దాని పక్కన స్పేడ్ కళ్ళేన్ని పెట్టి చూస్తే కళ్ళు చెదురుతాయి. నోటికి అటూ ఇటూ నిలిచే ఇనుప రెక్కల మీద వెండి పొదిగి, తీగలూ ఆకులూ చెక్కుతారు. రెక్కల కొసలనుంచి చిన్న గొలుసులు దిగుతాయి, వాటి చివర పచ్చితోలుతో అల్లిన పగ్గాలు, పగ్గాల పొడవునా ముత్యాల్లా పొదిగిన చిన్నచిన్న అల్లిక గుండీలు. బయటికి కనపడేది ఇది. లోపల, నాలుక మీద, అడ్డకడ్డీ మధ్యనుంచి అంగిలి వైపు లేచిన ఒక చదునైన రేకు ఉంటుంది. దాన్ని పక్కలనుంచి ఆదుకునే బద్దలకు రాగితీగ చుట్టి ఉంటుంది. రేకు అడుగున, గుర్రం నాలుకతో తిప్పుకోవడానికి ఒక చిన్న రాగిచక్రం. అది తిరిగినప్పుడు వచ్చే సన్నని కిరకిర శబ్దం వల్ల దానికి కీచురాయి అని పేరు పెట్టుకున్నారు కాలిఫోర్నియా పశువుల కాపరులైన వాకెరోలు. సంతోషంగా, నెమ్మదిగా ఉన్న గుర్రం నోట్లో ఆ కీచురాయి పలుకుతూనే ఉంటుంది.

ఈ రెండూ రెండు వేర్వేరు దేశాల వస్తువులు కావు. కాలిఫోర్నియా వాకెరోలు ఒకే గుర్రానికి, దాని జీవితంలో ముందొకటి, వెనకొకటి తొడిగినవి. పక్కపక్కన పెట్టి ఏది గొప్ప అని అడిగితే సరైన జవాబు రాదు. ఒకటి రెండోదాన్ని ఎలా కన్నదో చూడాలి.

ఆ కాలిఫోర్నియా వేరు. 1769లో శాన్ డియేగో దగ్గర మొదలై 1823 నాటికి 21 స్పానిష్ మిషన్లు తీరం పొడవునా లేచాయి. మన తెలుగు ఇంజనీర్లు వేలల్లో స్థిరపడిన శాంటా క్లారా లోయ కూడా అప్పుడు మిషన్ పశువులు మేసిన నేలే. ఆ మందల్ని కాసింది ఎక్కువగా చుమాష్ వంటి స్థానిక తెగల వాళ్ళు. ఆదివాసులు గుర్రమెక్కకూడదని స్పానిష్ చట్టం ఉండేది, కానీ వేల పశువుల్ని కాలినడకన ఎవరూ కాయలేరు గనక ఆ చట్టం పక్కకి జరిగింది. పశువు విలువ తోలూ కొవ్వులోనే ఉన్న రోజులవి. వాటిని బోస్టన్ ఓడలు వచ్చి కొనుక్కుపోయేవి. తోలు ఎటు చూసినా కుప్పలు, తీరిక అంతకన్నా ఎక్కువ. ఒక గుర్రానికి ఐదారేళ్ళు చదువు చెప్పే ఓపిక అక్కడ పుట్టిందంటే ఆశ్చర్యం లేదు. ఆ ఓపికను నేను ఒక కళగానే చూస్తాను. వాళ్ళు మిగిల్చిపోయిన వస్తువుల్లో అది కళ్ళకు కడుతుంది.

మళ్ళీ బోసాల్ దగ్గరికి. తోలు మీది వెంట్రుకలు గీకి, ఆరబెట్టి, సుడులు తిరుగుతూ ఒకే పొడవాటి పేటగా కోసుకుంటూ రావాలి. తరవాత వెడల్పు సరిచేయాలి, మందం సరిచేయాలి, అంచులు వాలుగా చెక్కాలి. అంచు చెక్కకపోతే అల్లిక మీద గట్లు లేస్తాయి, గుర్రం చర్మం ఒరుసుకుంటుంది. ఇక తడి. తోలు ఎక్కువ తడిస్తే ఆరాక వదులైపోతుంది, తక్కువ తడిస్తే వంగదు. ఆ నడిమి తేమను కొలిచే పరికరం వేళ్ళు ఒక్కటే. లోపలి గుంజు కూడా పచ్చితోలుదే కావాలని పాతవాళ్ళు పట్టుబట్టేవారు. గుంజులో ఇనుప తీగ ఉంటే బోసాల్ గుర్రం మొహానికి తగ్గట్టు మలచుకోదు, విడిచినప్పుడు బతికున్నదానిలా వెనక్కి తెరుచుకోదు. ఎనిమిది పేటలు, పన్నెండు, పదహారు, ఇంకా ఎక్కువ. పేటలు పెరిగేకొద్దీ ఉపరితలం నున్నబడుతుంది. మంచి బోసాల్ మీద వేలు జరిపితే ఎక్కడ ఒక పేట ముగిసి మరొకటి మొదలైందో తెలియదు. శాంటా బార్బరా ప్రాంతంలో 1897లో పుట్టిన లూయిస్ ఒర్తెగా ఈ అల్లికను కుర్రతనంలోనే ఒక చుమాష్ వృద్ధుడి దగ్గర నేర్చుకుని, పనిముట్టుగా ఉన్నదాన్ని చూసి మురిసే కళగా నిలబెట్టాడు. 1986లో అమెరికా జాతీయ కళల సంస్థ ఆయనకు జానపద కళాకారుల పురస్కారం ఇచ్చింది.

అయితే ఈ నునుపు అలంకారం కోసం వచ్చింది కాదు. బోసాల్ పనిచేసే తీరు చూడండి. ముడికి పైన గుర్రపు వెంట్రుకలతో పేనిన తాడు చుడతారు, మెకాటే అంటారు దాన్ని. అదే పగ్గం, మిగిలిన కొస నడిపించే పలుపు. మొత్తం ఏడు మీటర్లకు కాస్త తక్కువ. వెంట్రుక తాడు గనక కొద్దిగా గరగరలాడుతుంది. రౌతు కుడిచెయ్యి ఎత్తాడనుకోండి. మొదట మెడ మీద ఆ గరగర కదులుతుంది. తరవాత గడ్డం కింద ముడి చలిస్తుంది. ఆ తరవాత దవడ పక్కన అల్లిక తాకుతుంది. చివరికి, అప్పటికీ గుర్రం వినకపోతే, ముక్కుదూలం మీద ఒత్తిడి పడుతుంది. వెంటనే చెయ్యి వదులుతుంది. పట్టి లాగుతూ ఉండడం ఇక్కడ పెద్ద తప్పు, ఎందుకంటే ఆపకుండా లాగితే గుర్రం ఆ లాగుడు మీదే ఒరిగిపోవడం నేర్చుకుంటుంది, ముక్కు మొద్దుబారుతుంది. మన ఎద్దు ముక్కుతాడు ముక్కును కుట్టి పోతుంది గనక లాగిన ప్రతిసారీ నొప్పే మాట్లాడుతుంది. బోసాల్ బయటే ఆగి, నొప్పికి ముందు మూడు మెట్లు కట్టింది. బాగా నేర్చిన గుర్రం మొదటి మెట్టు దగ్గరే మలుపు తీసుకుంటుంది. మిగిలిన మూడూ జరగనే జరగవు.

ఆనందవర్ధనుడు ధ్వనిని కావ్యానికి ఆత్మ అన్నాడు. చెప్పినదానికన్నా స్ఫురించినదే రసాన్ని పుట్టిస్తుందని ఆయన మతం. రౌతుకీ గుర్రానికీ మధ్య నడిచే వ్యవహారంలో అంత స్వచ్ఛమైన ధ్వనిని నేను మరెక్కడా చూడలేదు. వాచ్యార్థం ముక్కు మీద పడే ఒత్తిడి. వ్యంగ్యార్థం మెడ మీద వెంట్రుక తాడు కదలిక. అందుకున్నది సహృదయత ఉన్న జీవి. గుర్రాన్ని సహృదయుడు అనడానికి నాకు సంకోచం లేదు.

ఎందుకు ముందు బోసాల్ అంటే పళ్ళు కూడా ఒక కారణం. గుర్రానికి సుమారు రెండున్నరేళ్ళు మొదలు ఐదేళ్ళ దాకా పాలపళ్ళు ఊడి కొత్తవి వస్తూంటాయి. నోరు పుండులా ఉండే ఆ కాలంలో అందులో ఇనుము పెట్టకుండా, చదువు మాత్రం ఆపకుండా ఉండాలంటే ముక్కే దారి. మొదట బొటనవేలంత లావు బోసాల్ పెడతారు. గుర్రం తేలికపడేకొద్దీ సన్నంది, ఇంకా సన్నంది. బరువు తగ్గించడమే పైతరగతికి పంపడం. ఎడ్ కానెల్ 1952లో రాసిన ‘హాకమోర్ రీన్స్‌మన్’ ఈ దశలన్నిటినీ కాగితం మీదికి తెచ్చిన పుస్తకం. అంతకు ముందు ఇది చాలావరకు చేతినుంచి చేతికి వచ్చిన విద్య.

ఇప్పుడు స్పేడ్. దాన్ని మొదటిసారి చూసినవాళ్ళు భయపడతారు, ఆ భయం న్యాయమైనదే. మొరటు చేతిలో ఆ రేకు అంగిలిని గాయపరుస్తుంది, సందేహం లేదు. మోటు చెయ్యి ఉన్నవాడు దాన్ని ముట్టుకోకూడదని వాకెరోలే అనేవారు. కానీ దాని నిర్మాణం మొత్తం ఒక్క ఉద్దేశంతో ఉంది: ఎవరూ లాగనప్పుడు అది నోట్లో తూకంగా నిలవాలి. గుర్రం దాన్ని నాలుకతో ఎత్తి మోస్తుంది. రెక్కల బరువు, గొలుసుల బరువు, గుండీలున్న పగ్గాల బరువు, అన్నీ కలిసి తల నిటారుగా, నుదురు దాదాపు నిలువుగా ఉన్నప్పుడు ఒక నిశ్చలతకు వస్తాయి. ఎడమచేతిలో పట్టిన పగ్గం అంగుళంలో సగం కదిలితే చాలు. గొలుసు ఊగుతుంది, ఆ ఊపు రెక్కల్లోకి ఎక్కుతుంది, రెక్కలనుంచి నాలుక మీదికి. గుర్రం అప్పటికే తిరిగి ఉంటుంది. బోసాల్‌లో నాలుగు మెట్లుంటే ఇక్కడ ఒకటే మెట్టు, అదీ గాలిలో. వెండి మీది చెక్కడం అందమే. గ్వాడలూపె గార్సియా నెవాడాలోని ఎల్కోలో దుకాణం పెట్టి చేసిన కళ్ళేలు ఆ చెక్కడానికే పేరుపొందాయి. అయినా నన్ను కట్టిపడేసేది చెక్కడం కాదు, ఆ తూకం. గొలుసులో ఒక లంకె తగ్గితే, రెక్క వంపు కాస్త మారితే, నోట్లో మొత్తం మారిపోతుంది.

నా తీర్పు చెప్పేస్తాను. చేతిపనిలో రెండూ సమానం. రసంలో బోసాల్‌దే పైచెయ్యి. స్పేడ్ కళ్ళెం ప్రదర్శించే సూక్ష్మత దాని సొంతం కాదు, ముక్కు మీద ఏళ్ళ తరబడి బోసాల్ పోగుచేసి ఇచ్చింది. బోసాల్‌లో చదవని గుర్రం నోట్లో ఈ వెండి పెడితే అది ఒట్టి బరువు, లేదా బాధ. వెండి కనపడుతుంది, తోలు కనపడదు. అందుకే వేలంపాటల్లో కళ్ళేల దగ్గర జనం గుమిగూడి, తోలు అల్లికల దగ్గర పలచబడడం చూసినప్పుడు మనసు కలుక్కుమంటుంది.

ఈ రెండిటి మధ్య ఒక దశ ఉంది. అది నాకు అన్నిటికన్నా ఇష్టం. చిటికెనవేలికన్నా సన్నటి బోసాల్ ముక్కు మీద, దాని పైన స్పేడ్ కళ్ళెం, రెండిటి పగ్గాలూ ఒకేసారి చేతిలో. మొదట్లో గుర్రం కళ్ళేన్ని ఊరికే మోస్తుంది, మాటంతా బోసాల్‌దే. వారాలు, నెలలు గడిచేకొద్దీ రౌతు వేళ్ళ మధ్య ఆ తూకం మెల్లగా జరుగుతుంది: వెంట్రుక తాడు వదులవుతూ, తోలు పగ్గం మాట్లాడడం మొదలవుతుంది. ఏ రోజున మారిందో చెప్పలేం. పక్కనుంచి చూస్తున్నవాడికి చేతిలో ఏ మార్పూ తెలియదు, గుర్రం మెడ వంపు మాత్రం రోజురోజుకీ నిండుతూ వస్తుంది. ఏడాది దాకా సాగే ఈ దశను తొందరపడి దాటేసినవాళ్ళ గుర్రాలు నోరు తెరుచుకుని, తల విదిలిస్తూ కనిపిస్తాయి. కీచురాయి పలకదు.

కాలిఫోర్నియా మైదానాలు పొలాలుగా, తోటలుగా, పట్టణాలుగా మారాక ఈ విద్య తూర్పుకి, ఉత్తరానికి జరిగి నెవాడా, ఒరెగాన్, ఐడహో ఎత్తునేలల్లో బతికింది. అక్కడ బకరూలు అనే పశువుల కాపరులు ఇప్పటికీ దీన్ని పాటిస్తారు. చదువు పూర్తయి ‘కళ్ళెంలో నిటారుగా’ నిలిచిన గుర్రానికి కూడా వాళ్ళలో చాలామంది ఆ సన్నటి బోసాల్‌ను తీసెయ్యరు. దానికి ఒక చిన్న పలుపు కట్టి ఉంచుతారు. రౌతు దిగి గుర్రాన్ని నడిపించాలన్నా, ఎక్కడైనా కట్టేయాలన్నా చెయ్యి ఆ పలుపు మీదికే పోతుంది. వెండి కళ్ళెం పగ్గాలు పట్టి గుర్రాన్ని నడిపించడం వాళ్ళ దృష్టిలో అమర్యాద.