వెన్ను నిలబడే దాకా

వెన్నెముకకు పెద్ద ఆపరేషన్ జరిగిన మనిషి ఆస్పత్రిలో ఉండేది చాలాసార్లు వారం, పది రోజులు. స్క్రూలు, రాడ్లు బిగించిన చోట పూసలు ఒకదానికొకటి అతుక్కోవడానికి పట్టేది మూడు నుంచి ఆరు నెలలు, కొందరికి ఏడాది. ఆ కాలమంతా ఇంట్లోనే గడవాలి. ముంబైలోని కామాటిపురా గల్లీల్లో, వర్లీ, నాయగావ్‌ల బీడీడీ చాళ్లలో, అంటే వరుస గదుల పాత భవనాల్లో, ఇల్లంటే ఒక ఖోలీ. 1920లలో కట్టిన బీడీడీ చాళ్లలో ఒక్కో గది 160 చదరపు అడుగులు. పడక నేల మీద, స్నానం మూలనున్న మోరిలో, పాయఖానా వరండా చివర ఇళ్లన్నిటికీ ఉమ్మడిగా. సర్జన్ పని ఎంత బాగా జరిగినా, ఆ తర్వాతి నెలలు ఎలా గడుస్తాయన్నది మంచం ఎత్తు, పాయఖానా తీరు, మెట్లు, పక్కన నిలబడే మనిషి చేతి నేర్పు తేలుస్తాయి. ఈ నేర్పు పుట్టుకతో వచ్చేది కాదు. నేర్చుకోవాల్సిన పని.

ముంబైలో తెలుగువారి నడుములు మోసిన బరువు చిన్నది కాదు. 1784లో హార్న్‌బీ వెల్లార్డ్ కట్ట పూర్తయి మహాలక్ష్మి, బైకుల్లా వైపు పల్లపు నేలలు ఆరాక, 1795 ప్రాంతం నుంచి నిజాం ఇలాకా కూలీలు అక్కడ స్థిరపడ్డారు. కామాటిపురాకు ఆ పేరు వారివల్లే వచ్చింది. తర్వాత మిల్లులకు వచ్చిన పద్మశాలీలు వర్లీ, ప్రభాదేవి, నాయగావ్‌లలో ఇళ్లు చేసుకున్నారు. మట్టి తట్ట, సిమెంటు బస్తా, మగ్గం ముందు ఎనిమిది గంటల నిలుచుడు, ఏ పనైనా భారం నడుం మీదే. ఇలాంటి బస్తీల నుంచి ఆపరేషన్ బల్ల దాకా వెళ్లేవారిలో మూడు రకాలు ఎక్కువ: డిస్కు జారి లేదా నరాల దారి ఇరుకై కాలు లాగేవారు, పరంజా మీద నుంచి పడి పూస విరిగినవారు, వెన్నుకు టీబీ సోకినవారు. దగ్గరలో నాయర్, జేజే ఆస్పత్రులున్నాయి, వర్లీ, నాయగావ్ వారికి పరేల్‌లోని కేఈఎం ఉంది.

సేవ ఆపరేషన్‌కు ముందే మొదలవ్వాలి. చాలా కుటుంబాలు డబ్బు గురించి ఆలోచించినంత గది గురించి ఆలోచించవు. ముందుగా చూడాల్సింది మంచం. దాని మీద కూర్చున్నప్పుడు పాదాలు రెండూ నేలకు ఆనాలి, మోకాళ్ల కన్నా తుంటి కొంచెం పైన ఉండాలి. కిందకు సాగిన నులక మంచం పనికిరాదు, చాప అసలే పనికిరాదు. ఇనుప మంచానికి చోటు లేదని నేల మీదే పడుకోబెడితే రోజుకు పదిసార్లు నడుం వంచక తప్పదు. పెట్టెల్లో కొన్ని అటక మీదికి, కొన్ని పక్కింటికి పంపితే ఆరడుగుల చోటు దొరుకుతుంది. చాల్ జీవితంలో ఇది అడగదగిన సాయమే. రెండోది కాగితాలు. మహాత్మా జ్యోతిబా ఫులే జన ఆరోగ్య యోజన కింద నగదు లేకుండా ఆపరేషన్ చేయించుకోవాలంటే మహారాష్ట్ర రేషన్ కార్డో, అక్కడి నివాస పత్రమో అడుగుతారు. ఊళ్లోని ఆరోగ్యశ్రీ, దాని జాబితాలో ఉన్న ఆస్పత్రులకే పరిమితం. రెండు ఊళ్ల మధ్య నలిగే కుటుంబానికి ఏ కార్డు ఎక్కడ చెల్లుతుందో చేరికకు ముందే తెలిసి ఉండాలి, చేరాక పరుగులు పెడితే ఆ పరుగుల్లో సేవ చేయాల్సిన మనిషే రోగికి దూరమవుతారు.

ఆస్పత్రిలో నర్సు దగ్గర నేర్చుకోవాల్సిన మొదటి పని పక్కకు తిప్పడం. భుజాలు, నడుం, తుంటి మూడూ ఒకేసారి కదలాలి. మాను దొర్లినట్టు మనిషి మొత్తం ఒక్కటిగా తిరగాలి. మోకాళ్లు మడిచి, వాటి మధ్య దిండు పెట్టి, ఒక చెయ్యి భుజం మీద, ఒక చెయ్యి తుంటి మీద వేసి తన వైపుకు తిప్పుకోవాలి. లేచేటప్పుడు కూడా ఇదే వరస: పక్కకు తిరగడం, కాళ్లు మంచం దిగువకు జారవిడవడం, అదే సమయంలో మోచేతితో తోసుకుంటూ ఒంటిని పైకి లేపడం. వెల్లకిలా ఉన్న మనిషిని చేతులు పట్టి లాగి కూర్చోబెట్టడం మన ఇళ్లలో అలవాటు. ఆ ఒక్క అలవాటు మానితే సగం పని నేర్చుకున్నట్టే. కాళ్లలో బలం పోయినవారిని రెండు గంటలకోసారి తిప్పకపోతే పిరుదుల మీద, మడమల మీద పడక పుళ్లు పడతాయి. చర్మం ఎర్రబడి, వేలితో నొక్కి వదిలినా ఆ ఎరుపు పోకపోతే అదే మొదటి గుర్తు.

తిప్పేవారి నడుం కూడా లెక్కలోకి రావాలి. మంచం మీదికి వంగి ఎత్తితే భార్యో, కొడుకో రెండో రోగి అవుతారు. రోగి కింద అడ్డంగా మడిచిన దుప్పటి పరచి, దాన్ని ఇద్దరు రెండు పక్కలా పట్టి జరపాలి, మోకాళ్లు వంచాలి గాని నడుం కాదు. రాత్రి మేలుకోవడం ఒక్కరి మీదే పడకూడదు. పగలు నలుగురు చూసినా రాత్రి ఒక్కరే మేలుకునే ఇంట్లో పది రోజులకే ఆ ఒక్కరూ చతికిలబడతారు.

ఆ తర్వాతి చిక్కు పాయఖానా. గొంతుక్కూర్చోవడంలో నడుం పూర్తిగా ముడుచుకుంటుంది. కొత్త ఆపరేషన్‌కు అది పడదు. మధ్యలో రంధ్రమున్న స్టూలు బజారులో దొరుకుతుంది, దాన్ని కిందనున్న గుంట మీద నిలబెడితే చాలు. రాత్రివేళ వరండా చివరికి నడవలేనప్పుడు గదిలోనే కమోడ్ కుర్చీ ఉండాలి. ఒకే గదిలో అందరి మధ్య కూర్చోవడానికి రోగి సిగ్గుపడి, నీళ్లు తాగడం తగ్గించుకుంటాడు, తిండీ తగ్గించుకుంటాడు. దాని ఫలితం మలబద్ధకం, మూత్రంలో ఇన్‌ఫెక్షన్. అడ్డంగా ఒక తెర కట్టడం, ఆ సేపు మిగతావాళ్లు వరండాలోకి వెళ్లడం మందుతో సమానమైన సేవ. మెట్ల సంగతి చిన్నదే: ఎక్కేటప్పుడు బలమైన కాలు ముందు, దిగేటప్పుడు బలహీనమైన కాలు ముందు. తోడున్న మనిషి ఎప్పుడూ ఒక మెట్టు కింద ఉండాలి.

తిండి దగ్గర పెద్దవాళ్లతో పేచీ వస్తుంది. పప్పు తింటే కుట్లు చీము పడతాయని, పెరుగు చలవని, గుడ్డు వేడని చెప్పి తెలుగు ఇళ్లలో ఆపరేషన్ అయిన మనిషికి వారాల తరబడి చారన్నమే పెడతారు. ప్రేమతోనే పెడతారు, అయినా అది నష్టమే. గాయం మానాలన్నా, మంచం మీద కరిగిన కండ తిరిగి రావాలన్నా మాంసకృత్తులు కావాలి. చీము పట్టించేది సూక్ష్మక్రిములు, కందిపప్పు కాదు. పప్పు, గుడ్డు, పాలు, పెరుగు, మాంసం తినేవారికి మాంసం, అన్నీ పెట్టవచ్చు. షుగరో, కిడ్నీ జబ్బో ఉంటే కొలత డాక్టరు చెబుతారు. ట్రమడాల్ వంటి నొప్పి మందులు పేగును మందగింపజేస్తాయి కాబట్టి జొన్నరొట్టె, ఆకుకూర, మజ్జిగ, సరిపడా నీళ్లు రోజూ ఉండాలి. ముక్కి బలవంతంగా విరేచనానికి వెళితే నడుంలో ఒత్తిడి పెరుగుతుంది. ఇంటి పెద్దమ్మకు ఈ మాట కోడలు చెబితే తలకెక్కదు. డిశ్చార్జి రోజున డాక్టరు చేతనే ఆమెకు చెప్పించడం మేలు.

బీడీ, గుట్కా, తంబాకు విషయంలో బేరం లేదు. నికోటిన్ ఎముక అతుకును ఆలస్యం చేస్తుంది, కొన్నిసార్లు అతుక్కోకుండానే చేస్తుంది. పరామర్శకు వచ్చినవాళ్లు జేబులోంచి పొట్లం తీయకుండా చూడటం కూడా సేవలో భాగమే. నూనె మర్దనాలు, ఇటుక కాపడాలు, పుత్తూరు కట్టు మీద మనవాళ్లకున్న నమ్మకం బలమైనది. స్క్రూలు బిగించిన వెన్ను మీద వీటిలో ఏదీ చేయకూడదు. స్పర్శ తగ్గిన కాలికి వేడినీళ్ల సంచి పెడితే కాలిన సంగతి బొబ్బ లేచేదాకా తెలియదు.

వెన్ను టీబీకి ఆపరేషన్ అయిన ఇంట్లో మరో జాగ్రత్త ఉంది. డిశ్చార్జి కాగితం మీద చాలాసార్లు పాట్స్ స్పైన్ అని మాత్రమే రాసి ఉంటుంది. 1779లో ఈ జబ్బును వర్ణించిన లండన్ సర్జన్ పెర్సివల్ పాట్ పేరది. అది టీబీ అని కుటుంబానికి తెలియాలి. ఆపరేషన్ చీమును తీస్తుంది, పూసను నిలబెడుతుంది, జబ్బును నయం చేసేది మాత్రం మాత్రలే. వెన్ను టీబీకి మన దేశంలో మామూలుగా ఏడాది, అవసరమైతే ఇంకా ఎక్కువ కాలం మందులిస్తారు. మూడో నెలలో నొప్పి పోయిందని మానేస్తే మందులకు లొంగని టీబీ రావచ్చు. ప్రభుత్వం మందులు ఉచితంగా ఇస్తుంది. నిక్షయ్ పోషణ్ యోజన కింద తిండికిచ్చే సాయాన్ని 2024 నవంబరు నుంచి నెలకు 500 రూపాయల నుంచి 1,000 రూపాయలకు పెంచారు. పేరు నమోదు చేయించి అడిగి తీసుకోవాలి.

చాల్ ఇబ్బందులు చెప్పుకున్నాక దాని మేలు కూడా చెప్పాలి. పొడవైన వరండా నడకకు చక్కని చోటు. చాలాచోట్ల ఒక పక్క గోడ, ఒక పక్క కటకటాలు, ప్రతి పదడుగులకూ ఒక తలుపు, తలుపులో తెలిసిన ముఖం. మొదటి వారాల్లో నడకను మించిన వ్యాయామం లేదు. రోజుకు నాలుగైదుసార్లు కొద్ది కొద్దిగా నడిపించి దూరం పెంచుకుంటూ పోవాలి, కూర్చోవడం మాత్రం ఒక్కసారికి అరగంట దాటకూడదు. వాకర్‌ను రోగి తోయాలి, పక్కవారు కాదు. సేవ చేసేవాళ్లకు అన్నిటికన్నా కష్టమైన పాఠం ఇదే: చెయ్యి ఎప్పుడు వెనక్కి తీసుకోవాలో తెలుసుకోవడం. చొక్కా తనే వేసుకోగలిగిన రోజున మనం వేయకూడదు. పది నిమిషాలు పట్టినా ఆగాలి. కాళ్లలో బలహీనత మిగిలినవారికి హాజీ అలీ దగ్గర 1955లో నెలకొల్పిన అఖిల భారత ఫిజికల్ మెడిసిన్, పునరావాస సంస్థ ఉంది. కామాటిపురా నుంచి అది ఎంతో దూరం కాదు.

జ్వరం, కుట్లలోంచి నీరు లేదా చీము, పిక్క వాచి నొప్పి, ఒక్కసారిగా ఆయాసం, లేచి కూర్చుంటే పెరిగి పడుకుంటే తగ్గే తలనొప్పి, కాళ్లలో కొత్తగా బలహీనత, మర్మాంగాల దగ్గర తిమ్మిరి, మూత్రం ఆగిపోవడం లేదా తెలియకుండా పోవడం, వీటిలో ఏది కనిపించినా ఉదయం దాకా ఆగకుండా ఆస్పత్రికి వెళ్లాలి.

పలకరింపుల గురించి ఒక మాట. "మా మేనమామకు గిట్లనే నడుం ఆపరేషన్ చేసిన్రు, మల్ల లేవనే లేదు" అని వచ్చినవాళ్లు అనే మాట రోగి చెవిన పడితే ఆ సాయంత్రం నడక ఆగిపోతుంది. నాలుగైదు వారాలకు సంపాదన ఆగిన బెంగ, కదిలితే స్క్రూ ఊడుతుందేమోనన్న భయం కలిసి మనిషిని మూగగా చేస్తాయి. ఇలాంటి మాటలు చెప్పేవారిని వరండాలోనే మర్యాదగా ఆపడం ఇంటివాళ్ల హక్కు.

ఆపరేషన్ ఆడమనిషికి జరిగితే ఇదంతా రెండింతలు కష్టం. భర్తకు జరిగినప్పుడు భార్య సెలవు పెడుతుంది, ఆమెకు జరిగినప్పుడు ఆయన డ్యూటీకి పోతాడు. మూడో వారానికి ఆమె పొయ్యి దగ్గర వంగి ఉంటుంది, తెల్లవారి నల్లా దగ్గర వరుసలో ఉంటుంది. పదిహేను లీటర్ల బిందె పదిహేను కిలోలకు పైగానే తూగుతుంది. మొదటి వారాల్లో చాలామంది సర్జన్లు ఎత్తనిచ్చేది మూడు నాలుగు కిలోలు. అంట్లు, బట్టలు, నీళ్లు, వీటిని ఎవరు చేస్తారో ఆమె ఆస్పత్రిలో చేరకముందే పేర్లతో సహా తేల్చాలి. మగపిల్లలున్న ఇంట్లో ఆ పేర్లు వాళ్లవే కావాలి.

ఊరికి పంపిద్దాం, అక్కడ చల్లగాలి, అమ్మ ఉంటుంది అన్న ఆలోచన సహజమే. కానీ పాలమూరుకో కరీంనగర్‌కో రాత్రంతా బస్సులో కుదుపులతో కూర్చుని పోవడం మొదటి ఆరు వారాల్లో ప్రమాదం. కాళ్లలో రక్తం గడ్డకట్టవచ్చు, మళ్లీ చూపించుకోవాల్సిన తేదీ తప్పిపోతుంది. సర్జన్ సరే అన్నాకే వెళ్లాలి, అదీ దేవగిరి లేదా హుస్సేన్‌సాగర్ రైల్లో కింది బెర్తు దొరికితేనే. అంతకంటే అమ్మనే ముంబైకి రప్పించుకోవడం మంచిది.

కూర్చుని చేసే పనికి చాలామంది రెండు మూడు నెలల్లో తిరిగి వెళ్తారు. బరువు పనికి ఎక్స్‌రేలో అతుకు కనపడి సర్జన్ ఒప్పుకోవాలి, కొందరు ఆ పనికి ఎప్పటికీ వెళ్లలేరు. మేస్త్రీలు అలాంటివారికి లెక్కలు రాసే పనో, కాపలా పనో చూడాలి. ఇంటి సంగతికొస్తే, వర్లీ బీడీడీలో 2025 ఆగస్టులో మొదటి 556 కుటుంబాలకు 500 చదరపు అడుగుల కొత్త ఫ్లాట్ల తాళాలు అందాయి. లిఫ్టు, సొంత పాయఖానా వారికి వచ్చాయి. మిగతావారిలో చాలామంది అప్పటికి మెట్లూ ఉమ్మడి పాయఖానాలతోనే ఉన్నారు. అలాంటి ఇళ్లలో వాకర్, కమోడ్ కుర్చీ, ఇనుప మంచం చాలాసార్లు కొన్ని నెలలే అవసరం. ప్రతి చాల్ కమిటీ, ప్రతి కుల సంఘం వీటిని ఒక్కో సెట్టు కొని ఉంచాలి. వాడుకున్న ఇల్లు శుభ్రంగా కడిగి తిరిగి అప్పగించాలి.