పేరులోని గౌరవము, తిరస్కారము : రేవతి ఆత్మకథ తెలుగు రూపము

ఏ. రేవతి తమిళమున వ్రాసికొన్న జీవితకథ వి. గీత ఆంగ్లానువాదముగా 2010లో మొదట వెలువడినది. 'వెళ్ళై మొళి' యను పేర తమిళమూలము పిదప వచ్చినది. ఆంగ్లమునుండి దానిని కథారచయిత్రి పి. సత్యవతిగారు 'ఒక హిజ్రా ఆత్మకథ' యని తెనిగించిరి. ఈ అనువాదమునకు 2019వ సంవత్సరపు సాహిత్య అకాడమీ అనువాద పురస్కారము లభించినది. మగవాడని లోకము తలచిన యొక బిడ్డ తాను ఆడపిల్లనని యెరిగి, ఇంట దెబ్బలు తిని, ఢిల్లీ ముంబయి నగరములలో హిజ్రాల గురుశిష్య పరంపరలో చేరి, తుదకు బెంగుళూరున 'సంగమ' సంస్థలో తనవారి హక్కులకై పనిచేసిన వృత్తాంతమిది. రేవతిగారిది నామక్కల్ ప్రాంతము. అచటినుండి బెంగుళూరికి పోవు రహదారి మన కృష్ణగిరి, హోసూరుల మీదుగనే సాగును. ఇంత చేరువ కథ ఆంగ్లమును చుట్టి మనకు తెలుగైనది.

ఈ గ్రంథమును గూర్చి మనవారు మాటలాడుకొనునపుడు వాదము గ్రంథగుణములపై నిలువక పేర్లమీదికి పోవుచున్నది. వీరిని ఏమని పిలువవలెను? ఏ మాట అవమానము, ఏది కాదు? ఆంగ్లమున ట్రాన్స్‌ఫోబియా యను మాట నేడు ధారాళముగ వాడబడుచున్నది. తెలుగున దానిని ద్వేషమనుటకంటె తిరస్కారమనుట మేలని నాకు తోచును. ఏలయన ఇచట ద్వేషించువారికంటె గడప దాటనీయనివారే హెచ్చు. పెద్దలలో కొందరు పేడి, నపుంసకుడు అనునవి శాస్త్రమున నున్న మాటలే గదా, వానిలో దోషమేమి యందురు. యువకులలో కొందరు ఆ మాట పలికినవారినెల్ల ద్వేషులని ముద్రవేయుదురు. వాదము మాటలను గూర్చినదే కనుక, తెలుగు చెప్పుకొని బ్రదుకు నాబోటివాడు ఇందు జోక్యము చేసికొనుట తప్పుగాదు.

'పేడి' తెలుగు తమిళములు రెంటను గల ప్రాతమాట. తొల్కాప్పియము అట్టివారి పేళ్ళను ఉయర్‌తిణైలో, అనగా మనుష్యవాచకములలో, చేర్చి సూత్రము చేసినది. శిలప్పదికారమున మాధవి యాడిన పదునొకండు ఆటలలో పేడియాట యొకటి. కనుక ఆ మాట పుట్టుకతో తిట్టు గాదు. కాని విరాటపర్వమును చూడుడు. బృహన్నల అర్జునుడని తెలిసిన పిదపనే ఉత్తరునికి ధైర్యము గలుగును. గోగ్రహణ విజయమును కంకుభట్టు బృహన్నలకు ఆపాదించినపుడు విరాటరాజు ఓర్వలేక పాచికతో కొట్టును. నాట్యము నేర్పుటకు పేడి పనికివచ్చును, జయమునకు పేరు పడుటకు పనికిరాదు! శిఖండి యెదుట భీష్ముడు విల్లు దించుటను ధర్మమని చెప్పుకొందుము. శిఖండి పక్షమున నిలిచి ఆ దించుటను చూచినవారు అరుదు. పెద్దలు చూపు ప్రాచీనప్రమాణము వారనుకొన్నంత నిర్మలము గాదు.

'నపుంసక' శబ్దము సంగతి మరింత చిక్కు. తరగతిలో మేము రాతికిని చెట్టునకును చెప్పు లింగమది. దానిని మనుష్యునికి తగిలించినచో ఆ మనుష్యుడు రాతివరుసలో చేరును. పైగా అది శాస్త్రమునందే నిలువలేదు. నిజాము రాజ్యమున 1329 ఫసలీలో, అనగా 1919లో, తెలుగున నపుంసకుల చట్టమని చెప్పదగిన శాసన మొకటి పుట్టినది. ఇట్టివారి పేర్లు రిజిస్టరున వ్రాయవలెననియు, స్త్రీవేషమున వీథిని కనిపించినచో వారంటు లేకయే పట్టుకొనవచ్చుననియు అందు నియమములు. వైజయంతి వసంత మొగిలి మొదలగువారు వేసిన వ్యాజ్యములపై తెలంగాణ హైకోర్టు 2023 జూలైలో దానిని రాజ్యాంగవిరుద్ధమని కొట్టివేసినది. నూరేండ్లకు పైబడి పోలీసు రిజిస్టరునకు శీర్షికయై నిలిచిన భావమును శాస్త్రపదమని సమర్థించుట న్యాయమా?

ఇట్టి విషయమున తమిళదేశపు తెలుగువారికి స్వానుభవము కలదు. ప్రాచీన తమిళకవులు మనలను 'వడుగర్' అనిరి. ఉత్తరదిక్కువారని దాని యర్థము. దానికి మనమెవ్వరము నొచ్చుకొనము. 'గొల్టి' యన్నచో నొచ్చుకొందుము. అన్నవాడు వేళాకోళమునకే గదా యనును. అతని మనసున ద్వేషము లేకపోవచ్చును. ఐనను ఆ పిలుపు పడిన పిల్లవాడు మరునాడు తెలుగు వాచకమును సంచిలో అడుగునకు తోయును. కనుక తిరస్కారమును అన్నవాని మనసు వెదకి తేల్చుట కంటె, ఆ మాట పడినవారు ఎచటికి నెట్టబడిరో చూచి తేల్చుట మేలు. 'కొజ్జా', 'మాడా' యను మాటలను సినిమాలలో నవ్వునకై వాడినవారును వేళాకోళమే యందురు. గొల్టి యన్నందుకు కోపించు మనము ఆ హాలులో నవ్వుట నాకు వింతగ నుండును.

మన వ్యాకరణమున ఇంకొక ముడి కలదు. చిన్నయసూరి చెప్పిన మహత్, మహతీ, అమహత్ విభాగమున స్త్రీవాచకము ఏకవచనమున అమహత్తువలెను, బహువచనమున మహత్తువలెను నడచును. ఆమె వచ్చినది, ఆవు వచ్చినది: క్రియ యొక్కటే. హోసూరు ఇండ్లలో తల్లి కూతును గూర్చి 'అది ఇంకా రాలేదు' అనును. అందు చనువే కాని తక్కువతనము లేదు. అదే 'అది' రేవతివంటివారిని గూర్చి వీథిలో అన్నచో మనుష్యజాతినుండి వెలివేయుటయే. మొదటి 'అది' వెనుక కూతురి భోజనము, పెండ్లి, పుట్టింటి హక్కు ఉన్నవి. రెండవదాని వెనుక ఏమియు లేదు. నిషిద్ధపదముల పట్టిక వ్రాసి గోడకు తగిలించిన చాలునను యువకులతో నేను ఏకీభవింపజాలకుండుట ఇందువలననే. ఆ పట్టికలో 'అది'ని చేర్చుదురా, మానుదురా?

ఇక అనువాదము. ఉత్తమపురుషమున తెలుగు తమిళముల రెంటను క్రియకు లింగభేదము లేదు. 'నేను వచ్చితిని' అని యెవ్వరైనను అనవచ్చును. హిందీలో వ్రాసియున్నచో తాను పురుషుడో స్త్రీయో క్రియచేతనే చెప్పవలసి యుండెడిది. మన భాషలలో ఆత్మకథకు గల ఈ వెసులుబాటు సత్యవతిగారికి కలిసివచ్చినది. తెలుగు సాఫీగ, జాలిగొలుపు యత్నము లేక నడచినది. ఇతరులు ఆమెను గూర్చి మాటలాడు తావులనే 'వాడు', 'ఆమె' యన్న తగవు పైకి వచ్చును. కథలోని వేదనయు అచటనే యున్నది.

ఐతే గ్రంథనామము నాకు తృప్తినీయలేదు. ఆంగ్లమున 'నన్ను గూర్చిన నిజము' అను నర్థముగల పేరు ముందుండి, హిజ్రా జీవితకథ యనునది ఉపశీర్షికయైనది. తెలుగున నిజము జారిపోయి ఉపశీర్షికయే మిగిలినది. హిజ్రా శబ్దమును రచయిత్రియే వాడికొనిరి గదా యనవచ్చును. తన్ను తాను చెప్పుకొనుట వేరు, అట్టమీద ఇతరులు 'ఒక' యని లెక్కించుట వేరు. తమ బాల్యనామమును గ్రంథమున వారే చెప్పుకొనిరి. ఐనను ఈ వ్యాసమున నేను దానిని వ్రాయలేదు. మన సీమ తెలుగువారి చెవికి హిజ్రాకంటె తమిళపు 'తిరునంగై' దగ్గర. 2008లో తమిళనాడు ప్రభుత్వము సంక్షేమ మండలిని నెలకొల్పినపుడు 'అరవాణి' యను పేరు వాడుకలో నుండెను. అరవాన్ మన భారతములోని ఇరావంతుడే. కాని మోహినీరూపమున కృష్ణుడతనిని పెండ్లాడిన కథ తిక్కనలో లేదు. పురాణమునకు ముడివడిన ఆ పేరుకంటె గౌరవస్త్రీ యను నర్థమిచ్చు తిరునంగైయే మేలు.

2019 ఏప్రిల్‌లో మద్రాసు హైకోర్టు మదురై ధర్మాసనము హిందూ వివాహచట్టములోని వధూశబ్దమున తిరునంగై కూడ చేరునని తీర్పు చెప్పినది. వధువను మాటకు అర్థము చెడినదని నొచ్చుకొనువారు గలరు. వారినందరిని తిరస్కర్తలనుట నాకు సమ్మతము గాదు. ఒక తల్లి తన కూతురి హాస్టలులో ఏర్పాటులెట్లుండునని యడిగినచో అది ప్రశ్న, బదులీయదగినది. బదులు విన్న పిదపను 'అట్టి పిల్లను బడిలోనికే రానీయరా'దన్నచో అది ప్రశ్న గాదు. 2014లో సుప్రీంకోర్టు ఎవరి లింగమును వారే నిర్ణయించుకొనవచ్చుననెను. 2019 చట్టము జిల్లా మేజిస్ట్రేటు ధ్రువపత్రమును విధించినది. తామెవరో చెప్పుకొనుటకు కలెక్టరు సంతకమేల యని వారడిగిరి. 2006 నాటి తమిళ అభ్యసన చట్టము పిదప, పిల్లలు తెలుగున పరీక్ష వ్రాయుటకై కోర్టుల చుట్టు తిరిగిన మనకు ఆ యడుగుట అర్థము కావలెను.

ఈ గ్రంథమును తమిళమునుండి నేరుగ తెనిగించుటకు మన జిల్లావారు తగుదురు. అణ్ణన్, తంబి యను భేదము ఆంగ్లపు బ్రదర్‌లో కలిసిపోగా మరల అన్న, తమ్ముడని విడదీయు శ్రమ వారికుండదు. 'వెళ్ళై మొళి'ని నేనైతే 'తేటమాట' యందును. ఇంటివారి నోట తమిళపు 'అవన్' 'అవళ్'గా మారు తావున్నచో, అచట తెలుగున 'వాడు' పోయి 'ఆమె' వచ్చునా, 'అది' వచ్చునా? కూతురి చనువుతో 'అది' యని వ్రాయ సాహసించు అనువాదకుడు ఆ తల్లి మనసును ముందుగ నిశ్చయించుకొనవలెను.