ఆకు వేయు విద్య

పాశ్చాత్య పద్ధతిని విందుబల్ల నమర్చువారు అతిథి గడప దాటక పూర్వమే తమ పనిని ముగించుకొందురు; తెల్లని గుడ్డ పరచి, పింగాణి పళ్ళెములను, గాజు గ్లాసులను, చెంచాలను వరుస తీర్చి, నడుమ పూలు నిలిపి, వచ్చినవాడు చూచి మెచ్చుకొనుటకు వలసిన సౌందర్యమంతయు ముందే సిద్ధపరచి యుంచుదురు. తెలుగువారి విందు తీరు ఇందుకు విరుద్ధము. పీట మీద కూర్చున్న అతిథి యెదుట మొదట నుండునది కడిగిన యాకు ఒక్కటే. ఆ పచ్చదనము మీద అతని కన్నుల యెదుటనే, ఒక్కొక్క గరిటెగా, ఒక్కొక్కరి చేతి మీదుగా అలంకారము రూపు కట్టును. కాబట్టి మనలో విస్తరి యందము వడ్డన నుండి వేరుగా నుండదు. వడ్డించుట రానివాని చేతిలో ఎంత మంచి వంటయైనను చిన్నబోవును.

ముందుగా ఆకును గూర్చి చెప్పవలెను. కోనసీమలోను కృష్ణా తీరమునను పుట్టి పెరిగినవారికి విందనగా అరిటాకే గాని, తెలంగాణమునందు మోదుగ ఆకులతోను, ఉత్తరాంధ్ర మన్యపు సీమలో అడ్డాకులతోను పుల్లలు గ్రుచ్చి కుట్టిన విస్తళ్ళు తరతరములుగా పెండ్లి పందిళ్ళకు శోభ తెచ్చినవి. మోదుగ విస్తళ్ళ నెండబెట్టి, కట్టలు గట్టి, అటక మీద దాచుకొని, కావలసిననాడు నీళ్ళు చిలికి మెత్తపరచుకొనవచ్చును. అరిటాకునకు అంతటి యోర్పు లేదు. కోసిన పిదప త్వరగా వాడవలసినదే. దాని గుణములు వేరు. ఆకుపై సహజమైన మైనపు పూత యుండుటచే నీరు గాని నేయి గాని అందులోనికి ఇంకవు. వేడి యన్నము సోకగానే సన్నని పరిమళ మొకటి పైకి లేచును. దాని దోషమును తెలిసినదే: ఈనెలన్నియు నడిమి కాడ నుండి అంచుల వైపునకు సమాంతరముగా సాగుటచే, గాలి కొట్టిన యాకు ఆ గీతల వెంబడి చీలిపోవును, చీలిన యాకులో చారు నిలువదు. అందుచేత అనుభవజ్ఞులు గాలి పోటు తగులని మూల నున్న చెట్టును వెదకి, మరీ లేతయు మరీ ముదురును గాని యాకును కోసి, వెనుక వైపున లావుగా నుబ్బిన కాడను చాకుతో పైపైన చెక్కివేయుదురు. అట్లు చెక్కిన యాకు నేలకైనను బల్లకైనను అంటి చదునుగా నుండును. విందంతటిలోను ఎవరి కంటను పడని పని ఇది. చేయకున్న మాత్రము అందరికిని తెలియును.

ఆకు వేయుటలో నియమ మొకటి కలదు: సన్నని కొస భోక్తకు ఎడమ వైపున, వెడల్పైన మొదలు కుడి వైపున నుండవలెను. భుజించునది కుడిచేయి, దానికి చోటు కావలెను, కొద్దికొద్దిగా నంజుకొను ఉప్పు, ఊరగాయ, పొడి, పచ్చడి మొదలైనవి కొస వైపు ఇరుకులో నొదిగియుండిన చాలును. నడిమి ఈనెకు ఆవలి సగము ఆదరువులది, ఈవలి సగము అన్నముది. కూరలు చేయి సులభముగా నందు తావున, భక్ష్యములు ఒక ప్రక్కన, అప్పడము తడి తగులకుండ అంచున నుంచబడును. దీని నంతయు ఎవరో చిత్రకారుడు కూర్చెనని తోచునంతటి రంగుల పొందిక అందులో నున్నమాట నిజమే; ముద్దపప్పు పసుపు, ఆవకాయ యెఱుపు, గోంగూర చామనఛాయ, అన్నపు తెలుపు, వీని కన్నిటికి వెనుక పచ్చని యాకు. అయినను ఈ యమరిక రంగుల కొఱకు పుట్టినది కాదు. చేతి సౌకర్యమును వెదకికొనుచు పోయినవారికి అందము దారిలో దొరకినది.

ఇక వడ్డన. బంతులు ఎదురెదురుగా తీర్చినప్పుడు నడుమ ఇద్దరు వడ్డించువారు ఒకరినొకరు తాకకుండ పోవునంత బాట విడువవలెను. ఉత్తరీయము గాని పైట చెరగు గాని వ్రేలాడకుండ నడుమునకు బిగింపవలెను. గిన్నె ఎడమచేత, గరిటె కుడిచేత. గరిటె మరీ దిగినచో విస్తరిని తాకి ఎంగిలియగును, మరీ యెత్తినచో పులుసు చింది ప్రక్కవాని పంచె మీద పడును. ఆ రెంటికిని నడుమ నున్న జానెడు ఎత్తును కన్ను కొలువక చేయియే కొలువవలెను. అన్నము పొగలు గ్రక్కుచుండగా కుప్పగా గుమ్మరింపక, హస్తముతో అంచులు విడదీసి పెట్టుదురు. నేతిని జారీ నుండి సన్నని ధారగా, పప్పు నడుమ పడునట్లు వంచుదురు. చారు వచ్చుచున్నదని తెలియగానే భోక్త అన్నములో గుంట చేసి సిద్ధముగా నుండును. అతడు గుంట చేయునంతవరకు నిలుచు నోపిక లేనివాడు చారు గిన్నె పట్టరాదు. పంక్తిలో ఒకనికి ముక్కలు, వేఱొకనికి నీళ్ళు వచ్చునట్లు పులుసు వడ్డించుట మన పెద్దలు క్షమింపని దోషము. అందుచేతనే గరిటెను ప్రతిసారి అడుగు దాక ముంచి పైకి తీయవలెనని క్రొత్తవారికి మొట్టమొదట నేర్పుదురు.

క్రమములో సీమసీమకు, ఇంటింటికి భేదములున్నను స్థూలముగా ఇట్లుండును. ఆకుపై నేతి చుక్క వేసి పాత్రాభిఘారము చేసి, తీపి, ఆదరువులు పెట్టి, అన్నము, పప్పు వడ్డించి, మరల నేయి వేసిన పిదప గాని ఎవరును ముద్ద ముట్టరు. గృహస్థు "కానివ్వండి" అన్న పిమ్మట పప్పు, కూర, పచ్చడి, పులుసు, చారు, పెరుగు అను వరుసలో భోజనము సాగును. కారమును పులుపును దాటుకొనుచు చల్లని పెరుగు దాక దిగివచ్చు ఈ క్రమము నాలుకను ఎఱిగినవారు కూర్చినది. ఋతువు నెఱిగి వడ్డించుట దీనికి మీది మెట్టు. ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుడు వానకాలమున వరుగులు, ఒడియములు, పొగపిన కూరలును, వేసవిలో తియ్యని చారులు, చెఱకు రసము, లేత కొబ్బరి నీళ్ళును, చలికాలమున మిరియపు కారము తగిలిన వేడి కూరలును అతిథులకు పెట్టించినట్లు శ్రీకృష్ణదేవరాయలు వర్ణించెను. రాజ్యమేలిన ప్రభువు ఒక పేద భక్తుని యింటి వంటలను అంత వివరముగా పరికించుట నాకు ఆ కావ్యములోని యుద్ధ వర్ణనల కంటె ప్రియమైన విషయము.

అయినను ఈ బంతులలో దాచవలసినదేమియు లేదని చెప్పజాలను. కులమును బట్టి పంక్తులు వేఱుచేసిన రోజులు మన యూళ్ళలో నుండెను. తెల్లవారక మునుపే పొయ్యి రాజేసిన ఇల్లాలు, అందరును తాంబూలములు వేసికొన్న తరువాత, అడుగంటిన చారుతో భుజించుటయు మన ఆతిథ్యములో భాగముగానే సాగెను. విద్యను నిలుపుకొనుచు ఈ రెండింటిని వదలుకొనుట వలన వడ్డన యందము రవ్వంతయు తరుగదు. లంకల గన్నవరములో వేళగాని వేళ వచ్చిన బాటసారికిని అన్నము పెట్టి కీర్తిశేషురాలైన డొక్కా సీతమ్మ (1841–1909) పేరు గోదావరి సీమలో నేటికిని నిలిచియుండుట ఆమె యింటి పాత్రల సొగసు వలన కాదు. ఆకలిగొన్నవానికి లేదనక ఆకు వేయుట వలన.

నేటి విందులలో అతిథి పళ్ళెము చేతబట్టుకొని వరుసలో నిలుచుచున్నాడు. అరిటాకు బొమ్మ నచ్చువేసిన కాగితపు పళ్ళెములు అంగళ్ళలో అమ్ముడుపోవుచున్నవి. బొమ్మ మీద వేడి యన్నము వేసిన పరిమళము రాదని వేఱుగ చెప్పనక్కరలేదు. మోకాళ్ళ నొప్పులున్న పెద్దలను నేల మీదనే కూర్చుండబెట్టవలెనన్న పట్టుదల నాకు లేదు. బల్ల మీదనైనను ఆకు వేయవచ్చును. వచ్చు పండుగకు మీ యింటికి పదిమంది రానున్నచో, ముందటి సాయంకాలమే ఆకులు తెప్పించి తడిగుడ్డలో చుట్టి యుంచుడు, కాడలు చెక్కించుడు, గరిటె మగవారి చేతికిని ఇచ్చి, వండినవారిని మొదటి బంతిలోనే కూర్చుండబెట్టుడు.