నవ్వమని అడిగిన అమ్మ

మా అమ్మాయికి తొమ్మిదేళ్ళప్పుడు మేము ఊరు మారాం. కొత్త బడిలో చేరిన వారానికే దాని మాట తగ్గిపోయింది. "నాన్న అసలే కొత్త ఉద్యోగం ఒత్తిడిలో ఉన్నారు, నువ్వు కాస్త నవ్వుతూ ఉండమ్మా" అన్నాను. ఏడాది తర్వాత ఇద్దరం కలిసి 'ఇన్‌సైడ్ అవుట్' చూస్తుంటే దాదాపు అదే మాట రైలీ వాళ్ళమ్మ నోట వినిపించింది. పక్కకి తిరిగి నా కూతురి మొహం చూడలేకపోయాను.

పీట్ డాక్టర్ దర్శకత్వంలో పిక్సార్ సంస్థ 2015లో విడుదల చేసిన ఈ యానిమేషన్ చిత్రంలో పదకొండేళ్ళ రైలీ మినెసోటా నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకి వస్తుంది. కథ చాలావరకు ఆమె తల లోపలే నడుస్తుంది. ఆనందం, దుఃఖం, కోపం, భయం, అసహ్యం అక్కడ ఐదు పాత్రలు. దుఃఖం చుట్టూ ఆనందం నేలమీద సుద్దతో గీత గీసి, దాటి రావద్దంటుంది. ఆడపిల్ల కన్నీళ్ళ చుట్టూ ఇంట్లో మనం గీసే గీత కూడా అదే.

పిల్లలతో మాట్లాడటానికి నేను ఎంచుకునే సన్నివేశం ఒకటుంది. రైలీ చిన్నప్పటి ఊహానేస్తం బింగ్‌బాంగ్ తన బండి పోయిందని కూలబడిపోతాడు. ఆనందం చక్కిలిగింతలు పెట్టి నవ్వించబోతుంది. దుఃఖం మాత్రం పక్కన కూర్చుని, నీకిష్టమైనది పోయింది కదా అంటుంది. అతను ఏడుస్తాడు, తేరుకుని లేస్తాడు. ఓదార్చడమంటే మరపించడం కాదని ఇంతకన్నా తేలిగ్గా చెప్పడం కష్టం.

అయినా ఈ సినిమా ఒక ప్రశ్నని నవ్వులో కలిపేసి దాటిపోతుంది. భోజనాల దగ్గర సన్నివేశంలో అమ్మానాన్నల తలల్లోకీ తొంగిచూస్తాం. నాన్న తలలో పెత్తనం కోపానిది. అమ్మ తలలో నడిమి కుర్చీ దుఃఖానిది. ఆమె ఎప్పుడు, ఎందుకు అక్కడ కూర్చుందో చెప్పరు. ఎన్నడో పరిచయమైన ఒక బ్రెజిల్ పైలట్ జ్ఞాపకాన్ని ఆమె బయటికి తీయడం మనకి హాస్యం. చివర్లో రైలీ ఏడ్చే హక్కు సంపాదించుకుంటుంది. ఆమెను నవ్వమని అడగాల్సి వచ్చిన అమ్మ సంగతి అక్కడే ఉండిపోతుంది. విమానాల్లో పనిచేసే స్త్రీల నవ్వు వాళ్ళ ఉద్యోగంలో భాగమని ఆర్లీ హోక్‌షీల్డ్ 1983లోనే రాసింది. ఇంట్లో నవ్వుకి జీతం కూడా లేదు. పైగా ఆ పని తల్లి నుంచి కూతురికి వారసత్వంగా వస్తుంది.

ఇంకో మాట. ఈ ఐదు పేర్లనీ తెలుగులోకి దించి, "ఇప్పుడు నీకు కోపమా, దుఃఖమా?" అని పిల్లల్ని అడిగితే సరిపోదు. రైలీది ఉత్త దుఃఖం కాదు, బెంగ. బెంగతో పిల్లలకి జ్వరం వస్తుందని మన అమ్మమ్మలకి తెలుసు. ఎవరైనా వచ్చి బతిమాలతారన్న ఆశ ఉన్న కోపం అలక. ఏమీ చెయ్యలేక కళ్ళలో నీళ్ళు తిరిగే కోపం ఉక్రోషం. ఆడపిల్ల ఉక్రోషాన్ని పెంకితనం అనేస్తాం. మగపిల్లాడి బెంగకైతే పేరే పెట్టం. ఈ మాటలు పిల్లల చేతిలో పెట్టడానికి ఈ సినిమా మంచి వంక. వాళ్ళని మళ్ళీ నవ్వించి మనం ఊపిరి పీల్చుకోవడానికైతే మాత్రం అక్కర్లేదు.

సినిమా అయ్యాక మా అమ్మాయి అడిగింది, "వాళ్ళమ్మ తలలో ఆ నీలం ఆవిడే ఎందుకు పెద్ద?" అని. తెలియదన్నాను. కాసేపాగి, ఆ రోజు నిన్ను నవ్వమనడం తప్పని చెప్పాను. "నీక్కూడా అక్కడ బెంగగా ఉండేదా?" అంది. ఉండేదని ఒప్పుకున్నాను. ఆ రాత్రి మేమిద్దరం మా పాత ఇంటి గురించి చాలాసేపు మాట్లాడుకున్నాం.