గుడ్డకు ఎనిమిది మొగాలు

అమ్మకు తుంటి ఎముక ఆపరేషన్ అయింది. ఆమెకు షుగరు కూడా ఉంది. పుండు మానేదాకా గది శుభ్రంగా ఉండాలని డాక్టరు గట్టిగా చెప్పారు. శుభ్రం సంగతి నాకు ఒకరు చెప్పాలా అనుకున్నాను. మదనపల్లెలోని ఆ ఆసుపత్రి ఆడవాళ్ల వార్డులో, తెల్లారి ఐదున్నరకు గుడ్డలూ బకెట్లూ తోసుకుంటూ వచ్చే అక్కను చూశాక ఆ ధీమా పోయింది.

అక్కది పుంగనూరు దగ్గర పల్లె. పద్దెనిమిదేళ్లుగా ఇదే పని. పేరు రాయొద్దంది, రాయను. ఇంట్లో అమ్మ గదిని ఎట్లా తుడవాలో చెప్పమని అడిగాను. "చెప్తే వచ్చేది కాదుమ్మా. నా వెనకాలే రా, చూస్తా ఉండు" అంది. హెడ్ నర్సు ఒప్పుకున్నారు. తొమ్మిది పొద్దులు ఆమె వెనకాల నడిచాను. మొదటి మూడు రోజులు గుడ్డ నా చేతికి ఇవ్వనే లేదు.

మొదట గడప దగ్గర నిలబడి వార్డంతా ఒకసారి చూసేది. నేల కోసం కాదు. మనుషుల చేతులు ఎక్కడెక్కడ పడతాయో అక్కడ ఆమె చూపు ఆగేది. మంచం కమ్మీ, సెలైన్ స్టాండు, స్విచ్చి, బీరువా పిడి, బాత్రూం గడియ. ఆ గడియ ఒకటుందని నాలుగు రోజులుగా దాన్ని తీస్తూ వేస్తూ ఉన్న నాకే తట్టలేదు.

ఇక గుడ్డ. సగానికి మడిచి, మళ్లీ సగానికి మడిస్తే నాలుగు పొరలవుతాయి. తిప్పుకుంటూ పోతే తుడవడానికి ఎనిమిది మొగాలు. ఒక మంచానికి ఒక మొగం. "ఇది ఈయమ్మది, ఇది ఆయమ్మది. ఒకరిది ఇంకొకరికి అంటించగూడదు." ఎనిమిదీ అయిపోతే ఆ గుడ్డ పక్కకు, కొత్తది చేతికి. ఇంట్లో నేను ఒక్క గుడ్డతో ఇల్లంతా తుడిచి, అదే బకెట్లో పిండి, మళ్లీ దాంతోనే తుడిచేదాన్ని.

పైనుంచి కిందికి. మాసిపోని చోటు నుంచి మాసిన చోటికి. లోపలి మూల నుంచి గుమ్మం వైపుకు, వెనక్కి నడుస్తూ, మాపు కర్ర ఎత్తకుండా పాము పాకినట్టు. బాత్రూం అన్నిటికన్నా చివర. అక్కడి గుడ్డ మళ్లీ వార్డులోకి రాదు. పొరకకైతే ఆ వార్డులో చోటే లేదు. ఊడిస్తే ధూళి లేస్తుందని.

ఈ పొరక మాట దగ్గర నాకు ఆరోగ్యవరం గుర్తొచ్చింది. మా ఊరి పక్కనే ఉన్న ఆ క్షయ శానిటోరియం 1912లో మొదలైంది. డెన్మార్కు నుంచి వచ్చిన డాక్టర్ క్రిస్టియన్ ఫ్రిమోట్-మోలర్ దాన్ని నిలబెట్టారు. క్షయకు పనిచేసే మందు స్ట్రెప్టోమైసిన్ దొరికింది 1943లో. అప్పటిదాకా క్షయకు గాలి, వెలుతురు, తిండి, విశ్రాంతి, శుభ్రతే ముఖ్యమైన వైద్యం. 1882లో కాక్ అనే శాస్త్రవేత్త క్షయ క్రిమిని చూపించిన కొన్నేళ్లకే, రోగుల గదుల్లోని ధూళితో జబ్బు అంటుకుంటుందని జర్మనీలో కార్నెట్ అనే వైద్యుడు చూపించాడు. దగ్గు తుంపరల సంగతి తర్వాత తేలింది. తుంపరలే పెద్ద దారి అని తేలినా, పొడిగా ఊడవకూడదు, తడిగుడ్డతోనే తుడవాలి అన్న నియమం ఆసుపత్రుల్లో నిలిచిపోయింది. మా అవ్వ మాత్రం ఏ కార్నెట్ పేరూ వినకుండానే, నీళ్లు చిలకరించిన తర్వాతే కసువు చిమ్మేది.

నాలుగో రోజు కర్ర నా చేతికొచ్చింది. మురికి మాపును శుభ్రమైన నీళ్ల బకెట్లో ముంచేశాను. అక్క ఒక్క మాటా అనలేదు. ఆ బకెట్ మొత్తం పారబోసి, కడిగి, మళ్లీ నింపుకొచ్చింది. ఆ రెండు నిమిషాలూ నేను గోడ పక్కన నిలబడే ఉన్నాను. ఆ తప్పు మళ్లీ జరగలేదు.

క్రిములను చంపే హైపోక్లోరైట్ ద్రావణం ఆమె ఏ రోజుకారోజు కలిపేది. నిలవుంటే, ఎండ తగిలితే దాని సత్తువ పోతుంది. రక్తం పడితే గ్లవుజులు తొడుక్కుని, మీద కాగితం కప్పి, దానిపై ఒక శాతం ద్రావణం పోసి, కాసేపు ఆగి, అంచుల నుంచి నడుమకు తుడిచేది. ఆ ఆగడమే కష్టం. అందరికీ తొందరే. ఇళ్లలో వాళ్లకు ఒక మాట చెప్పాలి: బాత్రూంలో ఆసిడ్ పోసినచోట బ్లీచింగ్ పౌడర్ చల్లకండి. క్లోరిన్ వాయువు పుడుతుంది, ఊపిరితిత్తులు కాలిపోతాయి.

వార్డు చెత్తకు పెట్టిన పసుపు, ఎరుపు, నీలం, తెలుపు డబ్బాల వెనక 2016 నాటి జీవవైద్య వ్యర్థాల నిబంధనలున్నాయి. సూదులు తెల్ల డబ్బాలో పడాలి. అక్కకు ఆ నిబంధన వేలి మీద మచ్చగా తెలుసు. పాత రోజుల్లో వేరే ఆసుపత్రిలో ఎవరో సూదిని మామూలు చెత్త సంచిలో పడేస్తే అది ఆమె వేలికి గుచ్చుకుంది. తర్వాత నెలల తరబడి రక్తపరీక్షలు. "ఆ నెలల్లో నా బిడ్డకు ముద్ద కలిపి పెట్టాలన్నా బయపడేదాన్ని" అంది. ఆ భయానికి అర్థం లేదని అప్పుడు ఆమెకు కూర్చుని చెప్పిన వాళ్లు లేరు.

కొత్తగా చేరిన పిల్లలు ఆమె వెనక తిరిగేది మూడంటే మూడు రోజులు. నాలుగోరోజు వాళ్లకు ఒక వార్డు ఒంటరిగా అప్పజెప్తారు. నాకు తొమ్మిది రోజులైనా చాల్లేదు. నెల రోజులు జీతమిస్తూ వెనక తిప్పాల్సిన పని ఇది. నేర్పినందుకు అక్కకూ వేరే ఇవ్వాలి. ఈ పనికి ఎవరింటి పిల్లలు వస్తారో మనందరికీ తెలుసు. అందుకే దీన్ని విద్య అనడానికి మనకు నోరు రాదు. చూడవచ్చిన చుట్టాలు "ఏయ్, ఇక్కడ తుడువు" అనేవాళ్లు, తడి ఆరకముందే చెప్పులతో నడిచిపోయేవాళ్లు. అక్క మళ్లీ మూల నుంచి మొదలుపెట్టేది.

అమ్మ పుండు మానింది. ఇప్పుడు కర్ర పట్టుకుని నడుస్తోంది.

పోయిన నెల కుప్పంలో మా పిన్నిని చూడ్డానికి ఒక ఆసుపత్రికి వెళ్లాను. ఇరవై దాటని పిల్ల మంచం కమ్మీలు తుడుస్తోంది. పక్క మంచానికి జరిగేముందు చేతిలోని గుడ్డను తిప్పింది. నాలుగు మడతలు. ఎవరు నేర్పారమ్మా అని అడిగాను. "మా అత్త. మూడు నెల్లు వెనకాలే తిప్పుకునింది" అంది, తల ఎత్తకుండానే. లోపలి మూలకు వెళ్లి మాపు అందుకుంది. పిన్ని సంచి మంచం మీద పెట్టి, నేను బయటికొచ్చి, నేల ఆరేదాకా వరండాలో నిలబడ్డాను.