నాన్న కోసం పదకొండు లైన్లు

నాన్న తెలుగు మాస్టారుగా పనిచేసి రిటైరయ్యారు. ఇప్పుడు చదువంతా ఫోన్లోనే. ఏ వ్యాసమైనా రెండో పేరాకి వచ్చేసరికి కింద నుంచి ఓ ప్రకటన లేస్తుంది, చదువుతున్న లైను ఎటో జరిగిపోతుంది. ఆయన మళ్లీ మొదటినుంచి వెతుక్కుంటారు. ఓ రోజు కళ్లజోడు తీసి పక్కన పెట్టి, ‘‘ఏమ్మా, ఈ గోలంతా తీసేసి అక్షరాలు మాత్రం ఇవ్వలేవా?’’ అన్నారు.

ఇవ్వొచ్చు. దానికి కొత్తగా ఏ యాప్ కొనక్కర్లేదు. నా పాత ల్యాప్‌టాప్‌లో లినక్స్ ఉంది, అందులో ఆదేశాలు టైప్ చేసి నడిపే షెల్ ఉంది. చిన్న చిన్న ప్రోగ్రాములను ఒకదాని వెనక ఒకటి తగిలిస్తే సరిపోతుంది. పొలంలో మోటారు నుంచి మడి దాకా పైపుకి పైపు బిగించుకుంటూ పోతామే, అలాగ. ఈ పోలిక నాది కాదు. బెల్ ల్యాబ్స్‌లో డగ్ మెకిల్‌రాయ్ 1964లోనే ప్రోగ్రాములను తోటకి నీళ్లు పెట్టే గొట్టాల్లా కలుపుకునే వీలుండాలని రాసిపెట్టారు. 1973లో కెన్ థాంప్సన్ దాన్ని యూనిక్స్‌లో నిజం చేశారు. ప్రోగ్రాముల మధ్య పెట్టే నిలువు గీతను ఇవాళ్టికీ పైప్ అనే పిలుస్తాం.

నా గొట్టంలో మొదటి ముక్క కర్ల్. స్వీడన్‌కి చెందిన డానియెల్ స్టెన్‌బర్గ్ 1998లో ఆ పేరుతో విడుదల చేసిన ప్రోగ్రామ్ అది. చిరునామా ఇస్తే పేజీని ఉన్నదున్నట్టు తెచ్చి పెడుతుంది. రెండోది సెడ్. వచ్చిన పాఠంలో ఫలానాది తీసెయ్, ఫలానాది మార్చు అని చెబితే చేసిపెడుతుంది. పేజీ ఎలా కనిపించాలో చెప్పే హెచ్‌టీఎంఎల్ ట్యాగులన్నీ కోణపు బ్రాకెట్ల మధ్యే ఉంటాయి కాబట్టి పని తేలికనుకున్నాను. ఒకే ట్యాగు రెండు లైన్లకి విరిగితే సెడ్‌కి చిక్కదని, ముందుగా పేజీ మొత్తాన్ని ఒకే లైనుగా కలిపేశాను. ఆ తర్వాత ‘తెరిచే బ్రాకెట్ నుంచి మూసే బ్రాకెట్ దాకా ఏదున్నా తీసెయ్’ అని రాసి ఎంటర్ కొట్టాను.

ఏమీ రాలేదు. ఖాళీ తెర.

కాసేపటికి గాని అర్థం కాలేదు. ‘ఏదున్నా’ అంటే సెడ్ వీలైనంత దూరం పోతుంది. మొదటి బ్రాకెట్ పట్టుకుని, దగ్గర్లో మూసేదాని దగ్గర ఆగకుండా, పేజీలో చిట్టచివరిదాని దాకా నడిచింది. పేజీ మొదలయ్యేదీ ముగిసేదీ ట్యాగుతోనే కదా, మధ్యలో వ్యాసమంతా కొట్టుకుపోయింది. ‘ఏదున్నా’ తీసేసి ‘మూసే బ్రాకెట్ తప్ప ఏదున్నా’ అని మార్చాను. అంతే, తెలుగు పాఠమంతా బిలబిలమంటూ దిగింది. ఆ క్షణం కోసం ఇంకో పది సాయంత్రాలు కూర్చోమన్నా కూర్చుంటాను.

మిగతావి చిల్లర పనులు. స్క్రిప్ట్, స్టైల్ భాగాలను మిగతా ట్యాగులకంటే ముందే లోపలి సరుకుతో సహా తీసెయ్యాలి, లేకపోతే వ్యాసం నెత్తిన కోడ్ మిగిలిపోతుంది. కొన్ని పేజీల్లో ‘త’ అనే అక్షరం 3108 అనే సంఖ్యగా ఉంటుంది, దాన్ని మళ్లీ ‘త’ చెయ్యాలి. జావాస్క్రిప్ట్ నడిచాక గాని పాఠం కనిపించని పేజీలు మాత్రం నా గొట్టానికి లొంగవు. వాటిని వదిలేశాను. వెబ్ పుట్టిన తొలినాళ్లలో, 1991లో, సెర్న్‌లో నికోలా పెలో రాసిన బ్రౌజరు కూడా ఉత్త పాఠాన్నే చూపించేది. చదవడానికి అది చాలేది.

నన్ను ఎక్కువగా ఆపింది లైన్లు విరవడం. దానికి ఫోల్డ్ అనే ప్రోగ్రామ్ ఉంది. అరవై దగ్గర విరవమంటే అరవై అక్షరాలని నేననుకున్నాను. నా దగ్గరున్న ఫోల్డ్ లెక్కపెట్టేది బైట్లని. పైపులు బిగించిన ఆ థాంప్సనే 1992లో రాబ్ పైక్‌తో కలిసి అక్షరాలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిని రూపొందించారు. అందులో తెలుగు సంకేతం ఒక్కోదానికి మూడు బైట్లు. ‘స్త్రీ’ అనే మాట తీసుకోండి. స, పొల్లు, త, మళ్లీ పొల్లు, ర, గుడి దీర్ఘం. ఆరు సంకేతాలు, 18 బైట్లు. నాన్న లెక్కలో అది ఒకే ఒక్క అక్షరం, గురువు. ఫోల్డ్ దాన్ని నడుమ నరికేసరికి లైను చివర నల్లటి వజ్రంలో ప్రశ్నార్థకం మిగిలింది. ఫోల్డ్‌ని తీసేసి, పేరా ముగిసే ట్యాగు దగ్గర లైను మార్పించి, పేరాకి ఒక లైను చొప్పున ఫైల్లో రాయించి, విరిచే పని ఎడిటర్‌కి అప్పగించాను. టెర్మినల్లో ఒత్తులు సరిగా కూర్చోవు కూడా. ఎడిటర్లో పెద్ద అక్షరాలు పెట్టి ప్రింటు తీశాను.

మొదటి ప్రింటు ఓ శతకం మీద వ్యాసం. మధ్యలో ఉత్పలమాల పద్యం ఒకటుంది. మధ్యాహ్నం వెళ్లి చూస్తే నాన్న ఆ కాగితం మీద పెన్సిల్‌తో మూడుచోట్ల నిలువు గీతలు పెట్టుకుని ఉన్నారు. నాలుగు పాదాలూ కలిసిపోయి ఒకే వరుసగా వచ్చాయి. లైను మార్చమని చెప్పే చిన్న ట్యాగును కూడా మిగతా ట్యాగులతోపాటు నేనే తుడిచేశాను.

‘‘ఎలా కనిపెట్టారు నాన్నా?’’

‘‘పాదానికి ఇరవై అక్షరాలు కదమ్మా. రెండో అక్షరం ప్రాస పలుకుతూనే ఉంది’’ అంటూ వేళ్ల మీద లెక్కపెట్టి చూపించారు.

ఆ రాత్రి ట్యాగులు తుడిచే లైనుకి ముందు ఇంకో లైను చేర్చాను. పదకొండు లైన్లున్న నా స్క్రిప్టు ఇప్పుడు పన్నెండు లైన్లు. మర్నాడు పద్యం నాలుగు పాదాలుగా ప్రింటయి వచ్చింది. నాన్న పాత కాగితం పారెయ్యలేదు. రెంటినీ పక్కపక్కన పెట్టి, తను గీసిన గీతలు సరిగ్గా పడ్డాయో లేదో పాదం పాదం సరిచూసుకున్నారు. మూడూ సరిపోయాయి.