రేజ్ చేస్తే లేచే కూత

ఇంజన్ స్టార్ట్ చేసి పాట పెడతాం. పాట వెనకాల సన్నగా ఒక కూత. ఆక్సిలరేటర్ తొక్కితే అదీ లేస్తుంది, కాలు తీస్తే దిగుతుంది. డిక్కీలో విడిగా ఆంప్లిఫయర్ పెట్టించుకున్న చాలామందికి ఇది పరిచయమే. కొందరు వాల్యూమ్ పెంచి దాన్ని కప్పేస్తారు, కొందరు అలవాటు పడిపోతారు. నాకు ఆ రెండూ నచ్చవు. తెలిసినవాళ్ల కార్లలో పాట శుభ్రంగా వినిపించేలా చేయడం నాకు ఇష్టమైన వ్యాపకం. ఆ పనిలో నాకు బాగా నచ్చే ఘట్టం, పానా చేతిలోకి తీసుకోకముందు చెవి ఒగ్గి కూర్చునే ఆ కాసేపు. రొద ఎప్పుడు వస్తోంది, ఎప్పుడు ఆగుతోంది, దేనితో పాటు మారుతోంది అన్నది పట్టుకుంటే, ఎక్కడ పుడుతోందో దానంతట అదే చెబుతుంది.

లేచి దిగే ఆ కూత ఆల్టర్నేటర్‌ది. ఇంజన్ బెల్టుతో తిరుగుతూ బ్యాటరీని చార్జ్ చేసేది అదే. దాని లోపల పుట్టేది మూడు ఫేజుల ఏసీ కరెంటు. ఆరు డయోడ్లు కలిసి దాన్ని డీసీ చేస్తాయి. చేస్తాయి గానీ పూర్తిగా నున్నగా కాదు, పైన చిన్న చిన్న అలలు మిగిలిపోతాయి. చాలా ఆల్టర్నేటర్లలో రోటరుకు 12 ధ్రువాలుంటాయి, అంటే ఒక్క చుట్టుకు 36 అలలు. ఇంజన్ నిమిషానికి 800 చుట్లతో ఐడ్లింగులో ఉన్నప్పుడు ఆల్టర్నేటర్ సుమారు రెండున్నర రెట్లు, అంటే 2000 చుట్లు తిరుగుతుందనుకుందాం. సెకనుకు 1200 అలలు. ఇంజన్ 2400కి వెళితే 3600. మన చెవి అన్నిటికన్నా చురుగ్గా వినేది దాదాపు 2000 నుంచి 5000 హెర్ట్జ్ మధ్యలోనే. బండి ఊరు దాటి వేగం అందుకునే సరికి కూత సరిగ్గా అక్కడికి చేరుతుంది.

ఈ గొడవ కారు రేడియోతో పాటే పుట్టింది. 1930లో అమెరికాలో పాల్ గాల్విన్ కంపెనీ మోటరోలా పేరుతో కారు రేడియో తెచ్చినప్పుడు, దాన్ని కారులో కుదిర్చిన యువకుల్లో ఎల్మర్ వేవరింగ్ ఒకడు. అప్పటి తలనొప్పి స్పార్క్ ప్లగ్గులది. ప్లగ్గులో రవ్వ పడినప్పుడల్లా రేడియో పటపటమనేది. ఆ వేవరింగే తర్వాతి కాలంలో మోటరోలాలో కారు ఆల్టర్నేటర్‌ను రూపొందించే పనిని ముందుండి నడిపించాడు. నాకు ఇది సహజమే అనిపిస్తుంది. రొద ఎక్కడిదని వెతుక్కుంటూ వెళ్లినవాడు చివరికి బండిలో కరెంటు పుట్టే చోటికే చేరతాడు.

మన దగ్గర వెతుకులాట చాలాసార్లు మొదలే కాదు. కూత వస్తోందనగానే ఫిల్టర్ బిగించేద్దామంటారు. పవర్ వైరు మధ్యలో ఒక తీగ చుట్ట, ఒక కెపాసిటర్ ఉన్న చిన్న డబ్బా అది. రొద నిజంగా పవర్ వైరు గుండా వస్తుంటే పనిచేస్తుంది. ఇంకో దారిన వస్తుంటే ఎంత ఖరీదైన ఫిల్టరైనా చేయగలిగిందేమీ లేదు. పైగా కొన్ని రొదలను అణచడమే ప్రమాదం. మా మేనల్లుడు ఒకసారి ఫోన్ చేశాడు.

“మావయ్యా, కూత ఈ మధ్య బాగా పెరిగింది. ఫిల్టర్ వేయించుకోమంటున్నారు, వేయించనా?”

“ఆగరా. హెడ్‌లైట్లు నిలకడగా వెలుగుతున్నాయా?”

“ఐడ్లింగులో కాస్త రెపరెపలాడుతున్నాయి.”

బండి తెమ్మన్నాను. ఇంజన్ ఆన్‌లో ఉంచి, మల్టీమీటరును ఏసీలో పెట్టి బ్యాటరీ మీద చూశాను. అర వోల్టు దాటితే డయోడ్లను అనుమానించాలి, అక్కడ దాటింది. విజయవాడ ఆటోనగర్‌లో ఆల్టర్నేటర్ విప్పించాం, ఒక డయోడ్ పోయింది. డయోడ్ ప్లేటు మార్చాక కూత పోయింది, లైట్లూ నిలబడ్డాయి. ఫిల్టర్ వేసుంటే కూత తగ్గి ఉండేదేమో. పిల్లాడు మాత్రం ఏదో ఒక రాత్రి హైవే మీద బ్యాటరీ దిగిపోయి నిలబడేవాడు. అందుకే కారణం తెలియకుండా కూతను నొక్కేయడం నాకు ఒప్పుకోబుద్ధి కాదు.

వినడానికీ ఒక వరస ఉంది. ముందు వాల్యూమ్ పూర్తిగా తగ్గించండి. కూత అలాగే ఉందా? అయితే అది వాల్యూమ్ దాటిన తర్వాత, అంటే డాష్‌బోర్డులోని స్టీరియోకీ డిక్కీలోని ఆంప్‌కీ మధ్యనో, ఆంప్ దగ్గరో జొరబడుతోంది. వాల్యూమ్‌తో పాటు తగ్గుతోందా? అయితే అంతకు ముందే, పాట వచ్చే దారిలోనే కలుస్తోంది. తర్వాత ఆంప్ ఆపి, స్టీరియో నుంచి దానికి పాట తెచ్చే ఆర్సీఏ తీగల పిన్నులు పీకి, మళ్లీ ఆన్ చేసి వినండి. నిశ్శబ్దంగా ఉంటే ఆంప్ తప్పు లేదు, ముందు వైపుకు నడవాలి. ఇంజన్ ఆపినా ‘స్‌...’ మనే బుస పోకపోతే అది ఆల్టర్నేటర్‌ది కాదు. చాలాసార్లు ఆంప్ మీది గెయిన్, అంటే లోపలికొచ్చే సిగ్నల్‌ను ఎంత పెంచాలో సర్దే నాబ్, అనవసరంగా పెంచి ఉంచడమే కారణం. గెయిన్‌ను వాల్యూమ్ అనుకుని చివరిదాకా తిప్పేవాళ్లు ఎక్కువ. స్టీరియో వైపు నుంచి సిగ్నల్ బలంగా పంపి, ఆంప్ దగ్గర గెయిన్ తగ్గించాలి.

క్యాబుల్లో ఎక్కువగా కనబడేది ఇంకో రకం. ఫోన్‌ను సిగరెట్ లైటర్ సాకెట్లో చార్జింగుకు పెడతారు, అదే ఫోన్ నుంచి ఆక్స్ కేబుల్‌తో పాటలు పెడతారు. కూత మొదలవుతుంది. ఆ మధ్య నేనెక్కిన బండిలో ఇదే జరిగింది. “తమ్ముడూ, ఒక్కసారి చార్జర్ పీకి చూడు” అన్నాను. పీకాడు, ఆగిపోయింది. “కేబులే పోయిందనుకున్నా సార్” అన్నాడు. కేబుల్ బాగానే ఉంది. చార్జర్‌కు ఒక చోట ఎర్త్ (నెగటివ్ వైరు బండి ఇనుముకు తగిలే చోటు), స్టీరియోకు ఇంకో చోట ఎర్త్. రెంటి మధ్యా కొన్ని మిల్లీవోల్టుల తేడా ఉన్నా చాలు, ఆక్స్ కేబుల్ పైపొర గుండా కరెంటు పారి పాటలో కలుస్తుంది. ఆక్స్‌లో వచ్చే పాట సిగ్నలే ఒక వోల్టు లోపు, అందులో కొన్ని మిల్లీవోల్టులు చెవికి స్పష్టంగా తెలుస్తాయి. బ్లూటూత్ వాడితే ఆ తీగ బంధమే ఉండదు. మధ్యలో పెట్టే ఐసోలేటర్లూ దొరుకుతాయి గానీ, చౌకవాటిలోని చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు మృదంగం అడుగు నాదాన్ని తినేస్తాయి. నేను వాటిని ఆఖరి దారిగానే చూస్తాను.

ఎఫ్ఎంలో మాత్రమే వచ్చే గరగర వేరు. బ్లూటూత్‌కు మారగానే అది పోతే, ఏరియల్ గుండా వస్తోందన్నమాట. డాష్‌క్యామ్, చౌక చార్జర్, బయట వేయించిన ఎల్ఈడీ బల్బులు ఒక్కొక్కటీ ఆపి చూస్తే దొంగ దొరుకుతాడు.

తక్కినవన్నీ ఒక ఎత్తు, ఎర్త్ ఒక ఎత్తు. నేను చూసిన కూతల్లో చాలా భాగం అక్కడే తేలాయి. ఆంప్ నెగటివ్ వైరును దొరికిన స్క్రూ కింద పెయింటు మీదే బిగించేస్తారు. పెయింటు కరెంటును పారనివ్వదు. స్క్రూ మరల దగ్గర అరకొరగా తగిలిన ఇనుమే ఆధారం. బాస్ కొట్టినప్పుడల్లా ఆంప్ పదుల ఆంపియర్లు లాగుతుంది, అదంతా ఆ కాస్త ఇనుము గుండా పోవాలి. పోలేనిది ఆర్సీఏ తీగ పైపొరను దారి చేసుకుంటుంది, కూత లోపలికి వచ్చేస్తుంది. ఎమరీ పేపరుతో మెరిసే ఇనుము కనబడేదాకా గీకాలి. పళ్ల వాషర్ వేసి, బోల్టుతో గట్టిగా బిగించాలి. వైరు అర మీటరుకు మించకూడదు, పవర్ వైరు ఎంత లావో ఇదీ అంత లావుండాలి. సీటు బెల్టు బోల్టును మాత్రం ముట్టుకోవద్దు, అది ప్రాణం నిలిపే బోల్టు. బిగించాక మల్టీమీటరుకు పొడుగు వైరు తగిలించి, బ్యాటరీ నెగటివ్‌కీ ఆంప్ ఎర్త్‌కీ మధ్య పాట గట్టిగా పెట్టి చూస్తాను. 0.1 వోల్టు లోపుంటేనే నాకు నెమ్మది.

ఇంత శ్రమ దేనికంటే, పాటలో మెల్లగా ఉండే చోట్ల కోసం. జోరుగా వాద్యాలు మోగేటప్పుడు కూత ఎవరికీ వినబడదు. బాలమురళీకృష్ణ ఆలాపన మొదలుపెట్టినప్పుడు వెనక తంబురా ఒక్కటే ఉంటుంది. దాని శ్రుతి కదలదు. మన కూత మాత్రం గేరు మారిన ప్రతిసారీ ఆ శ్రుతి మీదుగా అపశ్రుతిగా పైకీ కిందికీ జారుతుంది. ఆయన స్వరం నిలిపిన చోట మనకు వినబడాల్సింది తంబురానే.

విశాఖలోనో కాకినాడలోనో ఉంటే ఇంకో మాట. ఉప్పుగాలికి ఎర్త్ చోటు తుప్పు పడుతుంది. మొదట్లో మంచిగా ఉన్న స్టీరియో రెండేళ్లకు కూత మొదలుపెడితే ముందు అక్కడే చూడండి. బోల్టు విప్పితే రాగి లగ్గు మీద పచ్చటి పొడి, ఇనుము మీద ఎర్రటి పొర కనబడవచ్చు. రెండూ గీకి, మళ్లీ బిగించి, పైన గ్రీజు పూయండి. వానాకాలం వెళ్లాక ఏటా ఒకసారి ఇలా చూసుకుంటే సరిపోతుంది.